మీట నొక్కే చేయి లేని కెమెరా

మైదుకూరు, బద్వేలు, సిద్ధవటం ఊళ్ల మధ్య పరచుకున్న లంకమల కొండల పాదాల చెంత, కంపపొదలు పలచగా పెరిగే గులకరాళ్ల నేలల్లో, 2000వ సంవత్సరం తర్వాతి కొన్నేళ్లలో జరిగిన శాస్త్రీయ ఛాయాగ్రహణానికి భారతీయ పక్షిశాస్త్ర చరిత్రలో ప్రత్యేకమైన స్థానం ఉంది. ప్రపంచంలో మరెక్కడా ఉన్నట్టు తెలియని కలివికోడి అనే పక్షి జాడను పట్టుకోవడానికి, ఫిల్ము రీలుతో పనిచేసే మామూలు కెమెరాకు ఒక అదనపు పరికరాన్ని జోడించి, ఆ జోడింపును రాత్రంతా పొదల మధ్య వదిలివేసే పద్ధతిని అక్కడ అనుసరించారు. కెమెరా దగ్గర మనిషి ఉండడు. మీట నొక్కే చేయి ఉండదు. ఎదురుగా నడిచి వచ్చిన ప్రాణే తన ఫోటోను తాను తీయించుకుంటుంది. ఈ పద్ధతిని శాస్త్రజ్ఞులు కెమెరా ట్రాప్ అంటారు. డిజిటల్ కెమెరాలు వచ్చాక ఫిల్ముతో పనిచేసే ఆ పాత అమరికలు బీరువాలకు చేరాయి గనుక, అవి ఎలా పనిచేశాయి, ఏ ప్రశ్నకు జవాబు చెప్పాయి, ఏ ప్రశ్నకు చెప్పలేకపోయాయి అనే విషయాలను ఇప్పుడు తీరికగా పరిశీలించడం సముచితం.

జంతువు చేతనే ఫోటో తీయించాలన్న ఆలోచన కొత్తది కాదు. 1878లో అమెరికాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ పరుగు తీసే గుర్రం దారిలో వరుసగా దారాలు కట్టి, గుర్రం కాళ్లకు తగిలి ఒక్కో దారం తెగినప్పుడు ఒక్కో కెమెరా షట్టర్ తెరుచుకునేలా ఏర్పాటు చేశాడు. షట్టర్ అంటే ఫిల్ము మీద గాని, ఫోటో పలక మీద గాని వెలుగు పడే సమయాన్ని అదుపు చేసే తలుపు. ఆ తర్వాత 1890 దశకంలో అమెరికాకే చెందిన జార్జ్ షైరాస్ అడవి దారులకు అడ్డంగా తీగ కట్టి, ఆ తీగ తగిలినప్పుడు మెగ్నీషియం పొడి భగ్గున మండి వెలుగు ఇచ్చేలా చేసి, రాత్రివేళ తిరిగే జింకలను ఫోటో తీశాడు; 1906లో నేషనల్ జియోగ్రఫిక్ పత్రిక ఆయన ఫోటోలను పెద్ద సంఖ్యలో ప్రచురించింది. మన దేశంలో ఈ విద్యకు పేరు తెచ్చినవాడు ఉత్తరాదిన అప్పటి సంయుక్త పరగణాలలో అటవీ అధికారిగా పనిచేసిన ఎఫ్. డబ్ల్యూ. చాంపియన్. తుపాకి పక్కన పెట్టి తగులు తీగతో, ఫ్లాష్ వెలుగుతో ఆయన తీసిన పులుల ఫోటోలు 1927లో పుస్తకంగా వచ్చాయి.

తగులు తీగకు ఉన్న ప్రధానమైన లోపం ఏమిటంటే అది ఒక్కసారికే పనికివస్తుంది; తీగ తెగిన తర్వాత మళ్లీ మనిషి వచ్చి కట్టేదాకా కెమెరా గుడ్డిదే. ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాలలో కంటికి కనబడని పరారుణ కిరణాలతో పనిచేసే సెన్సార్లు అందుబాటులోకి రావడంతో ఈ లోపం తీరింది. సెన్సార్ అంటే వెలుగు, వేడి, కదలిక లాంటి మార్పును పసిగట్టి దానిని విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న పరికరం. 1990 దశకంలో కర్ణాటకలోని నాగరహొళెలో కె. ఉల్లాస్ కారంత్ ఇలాంటి సెన్సార్లు జోడించిన ఫిల్ము కెమెరాలతో పులులను ఫోటో తీసి, ఒక్కో పులి ఒంటి మీది చారల అమరిక ఒక్కో రకంగా ఉంటుందన్న ఆధారంతో వాటి సంఖ్యను గణిత పద్ధతిలో అంచనా కట్టడం ప్రారంభించారు. రెండు పక్కల చారలూ ఒకే తీరుగా ఉండవు గనుక ప్రతి చోటా రెండు కెమెరాలను ఎదురెదురుగా నిలిపి, దారిలో నడిచే పులి కుడి ఎడమలను ఒకేసారి ఫిల్ముకు ఎక్కించవలసి వచ్చేది. లంకమల పొదల్లో పక్షి కోసం కెమెరాలు పెట్టిన నాటికి భారతదేశంలో ఈ పరికరానికి అంతటి అనుభవం వెనక ఉంది. అయితే పులి వేరు, పక్షి వేరు. పెద్ద జంతువుకు కుదిరిన అమరికను జానెడు ఎత్తున నేల మీద పరుగెత్తే పక్షికి మలచుకోవడంలో కొత్త చిక్కులు ఎదురయ్యాయి.

ఆ పక్షి కథను ఇక్కడ క్లుప్తంగా చెప్పుకోవలసి ఉంది. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన టి. సి. జెర్డన్ సేకరించిన నమూనా ఆధారంగా 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ ఈ పక్షిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఇంగ్లీషులో జెర్డన్స్ కోర్సర్ అనే పేరు అలా వచ్చింది. కలివిపొదల మధ్య తిరుగుతుంది గనుక తెలుగువారు దానిని కలివికోడి అన్నారు. సుమారు ఇరవై ఏడు సెంటీమీటర్ల పొడవుతో, ఎద మీద రెండు అడ్డపట్టీలతో, పొడవాటి కాళ్లతో ఉండే ఈ పక్షి పగలంతా పొదల నీడన కదలక ఉండి, చీకటి పడ్డాక పురుగులను వెతుక్కుంటూ నేల మీద పరుగెడుతుంది. 1900లో అనంతపురం ప్రాంతంలో కనబడిన తర్వాత ఎనభై అయిదేళ్లకు పైగా దాని ఆచూకీ శాస్త్రజ్ఞులకు దొరకలేదు. అంతరించిపోయిందనే చాలామంది భావించారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ పర్యవేక్షణలో సాగిన గాలింపులో, కడప జిల్లా రెడ్డిపల్లి సమీపంలో స్థానిక వేటగాడొకరు రాత్రివేళ ఈ పక్షిని పట్టుకోవడంతో అది బతికే ఉందని రుజువైంది. ఆ ఆవిష్కరణ ఫలితంగా శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. పక్షి దొరికింది గాని, అది ఎన్ని చోట్ల ఉంది, ఎలాంటి పొదలను కోరుకుంటుంది అనే ప్రశ్నలు అలాగే మిగిలాయి. రాత్రివేళ టార్చి పట్టుకుని అడవిలో తిరిగే మనిషికి ఈ పక్షి కనబడడం అత్యంత అరుదు. మనిషి అలికిడికి అది ముందే తప్పుకుంటుంది. మనిషి లేనప్పుడు చూడగల కన్ను కావాలన్న అవసరం అలా ఏర్పడింది.

ఆ కాలపు కెమెరా ట్రాప్‌ను విప్పి చూస్తే దానిలో ప్రధానంగా నాలుగు భాగాలు కనిపిస్తాయి. మొదటిది ముప్పై అయిదు మిల్లీమీటర్ల ఫిల్ముతో పనిచేసే చిన్న ఆటోమేటిక్ కెమెరా. ఇది పెళ్లిళ్లలో, విహారయాత్రల్లో జనం వాడిన రకమే. రెండవది దానిలోనే ఇమిడి ఉన్న ఫ్లాష్. మూడవది కెమెరా వెనక తలుపులో అమర్చిన గడియారం. నాలుగవది, మొత్తం అమరికకు ప్రాణమైనది, జంతువు ఉనికిని పసిగట్టి కెమెరాకు ఆజ్ఞ ఇచ్చే సెన్సార్. మామూలు కెమెరాలో వేలు నొక్కితే రెండు లోహపు ముక్కలు కలిసి విద్యుత్ ప్రవహిస్తుంది. ఇక్కడ ఆ రెండు ముక్కలకు తీగలు అతికించి సెన్సార్‌కు కలుపుతారు, లేదా అలాంటి తీగ కోసం ముందే రంధ్రం ఏర్పాటు చేసిన కెమెరాను వాడతారు. వానకు, మంచుకు, చీమలకు, చెదపురుగులకు అందకుండా ఇదంతా ఒక గట్టి పెట్టెలో ఉంచి, కటకం ముందు, ఫ్లాష్ ముందు పారదర్శకమైన కిటికీలు విడిచిపెడతారు.

సెన్సార్లు రెండు రకాలు. మొదటి రకంలో రెండు వేర్వేరు పెట్టెలుంటాయి. ఒకటి పరారుణ కిరణాన్ని ప్రసారం చేస్తుంది, దానికి ఎదురుగా కొంత దూరంలో ఉన్న రెండవది ఆ కిరణాన్ని స్వీకరిస్తుంది. రెండింటి మధ్య ఏదైనా అడ్డం వచ్చి కిరణం నిర్ణీత సమయం పాటు తెగిపోతే కెమెరాకు సంకేతం వెళుతుంది. తానే కిరణాన్ని పంపుతుంది గనుక దీనిని క్రియాశీల సెన్సార్ అనవచ్చు. ఈ రకంలో కిరణం ఏ ఎత్తున పోవాలన్నది పరిశోధకుడే నిర్ణయిస్తాడు. పులికి మోకాలి ఎత్తు సరిపోతుంది. కలివికోడికైతే కిరణం నేలకు బాగా దగ్గరగా సాగాలి. అంత కిందుగా సాగే కిరణానికి గడ్డిపరక ఊగినా, ఎలుక పరుగెత్తినా, ఆకు రాలినా అడ్డమే గనుక అనవసరమైన ఫోటోలు పెరుగుతాయి. కిరణం ఎంతసేపు తెగితే జంతువు వచ్చినట్టు లెక్కించాలో మార్చుకునే వీలు అందుకే ఈ పరికరాలలో కల్పించారు. ఆ వ్యవధిని పెంచితే ఆకులు, పురుగులు తప్పిపోతాయి గాని వేగంగా పరుగెత్తే పక్షి కూడా తప్పిపోయే ప్రమాదం ఉంది.

రెండవ రకం సెన్సార్ ఏ కిరణాన్నీ పంపదు. ఎదుటి ప్రాణి శరీరం నుంచి సహజంగా వెలువడే వేడిని మాత్రమే స్వీకరిస్తుంది. వేడిగా ఉన్న ప్రతి వస్తువూ పరారుణ కిరణాలను వెలువరిస్తుంది. జీవుల శరీర ఉష్ణోగ్రత వద్ద ఆ కిరణాల తరంగదైర్ఘ్యం సుమారు పది మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు. ఫిల్ముకు ఈ కిరణాలు తెలియవు. మామూలు గాజు వాటిని అడ్డుకుంటుంది. అందువల్ల సెన్సార్ ముందు గాజుకు బదులు, సన్నని గీతలతో అచ్చుపోసిన ప్లాస్టిక్ కటకాన్ని బిగిస్తారు. లోపల ఉన్న స్ఫటికం ఉష్ణోగ్రత మారినప్పుడు స్వల్పమైన విద్యుత్తును పుట్టిస్తుంది. అలాంటి రెండు ముక్కలను ఒకదానికొకటి వ్యతిరేకంగా కలపడం వల్ల పరిసరాలన్నీ ఒకేసారి వేడెక్కినా రెండింటి విద్యుత్తూ పరస్పరం రద్దవుతుంది. వెచ్చని శరీరం ఒక ముక్క చూసే మేర నుంచి రెండవ ముక్క చూసే మేరలోకి కదిలినప్పుడు మాత్రమే సంకేతం పుడుతుంది. కాబట్టి ఈ సెన్సార్ పనిచేయాలంటే ప్రాణికి కదలిక ఉండాలి, దాని ఒంటి వేడికి, వెనక నేల వేడికి మధ్య చెప్పుకోదగినంత తేడా కూడా ఉండాలి.

ఈ రెండవ షరతు దగ్గరే రాయలసీమ ఎండ అడ్డుపడుతుంది. వేసవిలో కడప జిల్లాలో పగటి ఉష్ణోగ్రత నలభై డిగ్రీలు దాటడం సాధారణం. ఎండకు కాగిన రాయి, గులక అంతకంటే ఎక్కువ వేడెక్కి, పొద్దు వాలిన తర్వాత కూడా చాలాసేపు ఆ వేడిని వదులుతూ ఉంటాయి. పక్షి శరీరం లోపలి ఉష్ణోగ్రత నలభై డిగ్రీల పైనే ఉన్నా, ఈకల పొర ఆ వేడిని లోపలే నిలుపుతుంది గనుక బయటికి కనిపించే వేడి తక్కువ. నేల, ఈకలు ఇంచుమించు ఒకే వేడిలో ఉన్న సాయంకాలపు గంటలలో సెన్సార్‌కు పక్షి ఉన్నట్టే తెలియకపోవచ్చు. నేల చల్లబడిన తెల్లవారుజామున అదే పక్షి స్పష్టంగా తెలుస్తుంది. ఫోటోలన్నీ తెల్లవారుజామునే పడ్డాయి గనుక పక్షి ఆ వేళలోనే తిరుగుతుందని తొందరపడి తీర్మానిస్తే, పరికరపు లక్షణాన్ని పక్షి లక్షణంగా పొరబడినట్టు అవుతుంది. ఏ శాస్త్రీయ పరికరాన్నైనా పరిశీలించేటప్పుడు అది ఏమి చూపుతుందన్న దానితో పాటు ఏ పరిస్థితిలో చూపలేదన్నది కూడా తెలిసి ఉండాలని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కరలేదు.

ఫిల్ముకు ఉన్న పరిమితులు వేరు. ఒక రీలులో ముప్పై ఆరు ఫోటోలు మాత్రమే ఉంటాయి. రాత్రి మొదటి గంటలోనే గాలికి ఊగిన కొమ్మ ముప్పై ఆరింటినీ ఖర్చు చేస్తే తెల్లవారేదాకా కెమెరా ఉన్నా లేనట్టే. ఇందుకోసం ఒక ఫోటోకూ మరో ఫోటోకూ మధ్య కొన్ని నిమిషాల విరామం ఉండేలా సెన్సార్‌ను సర్దుతారు. ఆ విరామంలో పక్షి వచ్చి పోతే దాని ఫోటో దొరకదు. బ్యాటరీని పొదుపు చేయడానికి ఈ చిన్న కెమెరాలు పని లేనప్పుడు నిద్రావస్థలోకి పోతాయి. సంకేతం అందాక మేలుకుని, దూరం సరిచూసుకుని, ఫ్లాష్‌ను సిద్ధం చేసుకుని షట్టర్ తెరిచేలోపు కొంత ఆలస్యం అవుతుంది. నిలకడగా నడిచే జంతువు విషయంలో ఆ ఆలస్యం పెద్ద లెక్కలోకి రాదు. ఆగి ఆగి పరుగెత్తే కలివికోడి విషయంలో అది ఖాళీ నేల ఫోటోగా పరిణమిస్తుంది. పైగా ఫ్లాష్ వెలుగు దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు పడిపోతుంది గనుక కొద్ది మీటర్ల దూరంలోని ప్రాణి మాత్రమే స్పష్టంగా పడుతుంది. వీటన్నిటికీ మించిన ఇబ్బంది, రీలు పూర్తయి, పట్టణానికి చేరి, కడిగించేదాకా అందులో ఏముందో ఎవరికీ తెలియకపోవడం. కెమెరా ఒక వైపు వాలిపోయి వారం రోజులు ఆకాశాన్నే చూసినా ఆ సంగతి వారం తర్వాతే బయటపడేది.

కెమెరా వెనక తలుపులోని గడియారం చూడడానికి అల్పమైనదే అయినా శాస్త్రీయ ప్రయోజనంలో దాని పాత్ర చాలా పెద్దది. ఫోటో పడే క్షణంలోనే అది ఫిల్ము వెనక నుంచి చిన్న అంకెలను వెలుగుతో ముద్రిస్తుంది. అప్పటి కెమెరాలలో చాలావాటికి సంవత్సరం, నెల, తేదీని ఒక వరుసగా గాని, తేదీ, గంట, నిమిషాన్ని మరొక వరుసగా గాని ముద్రించే వీలుండేది తప్ప అన్నిటినీ కలిపి ముద్రించే వీలుండేది కాదు. రాత్రి సంచారాన్ని అధ్యయనం చేసేవారికి గంట, నిమిషం ముఖ్యం గనుక రెండవ వరుసను ఎంచుకుని, నెలను, సంవత్సరాన్ని, కెమెరా పెట్టిన చోటును, రీలు సంఖ్యను నోటుపుస్తకంలో రాసుకోవలసి వచ్చేది. ఆ పుస్తకం పోతే ఫోటో మిగిలినా దాని విలువలో అధిక భాగం పోయినట్టే. ఎక్కడ, ఎప్పుడు తీసిందో తెలియని పక్షి ఫోటో చూడడానికి అందంగా ఉంటుంది గాని సాక్ష్యానికి పనికిరాదు.

ఇన్ని పరిమితులున్న పరికరాన్ని లంకమల పొదల్లో ఉపయోగించిన తీరులోనే అసలైన తెలివి కనబడుతుంది. పి. జెగనాథన్, రిస్ గ్రీన్, అసద్ రహ్మానీ మొదలైన పరిశోధకులు కెమెరాల సంఖ్యను పెంచే మార్గం వెతకలేదు. కెమెరాతో పాటు నేలను కూడా పరికరంగా మార్చారు. పొదల మధ్య అనువైన చోట ఆకులు, రాళ్లు తీసివేసి, మెత్తటి సన్న మట్టిని పొడవాటి పట్టీగా పరిచి, చదును చేసి వదిలేస్తే, రాత్రి ఆ దారిన నడిచిన ప్రతి ప్రాణి అడుగూ దాని మీద అచ్చుపడుతుంది. పొద్దున వచ్చి ఆ జాడలను కొలుచుకుని, మట్టిని మళ్లీ చదును చేస్తారు. ఇలాంటి మట్టిపట్టీకి బ్యాటరీ అక్కరలేదు, ఫిల్ము అక్కరలేదు, ఎండ వేడి అడ్డురాదు, దొంగభయం లేదు. ఒక కెమెరా పెట్టడానికి అయ్యే ఖర్చుతో ఎన్నో చోట్ల పట్టీలు పరచవచ్చు. వాన పడినా, గాలి వీచినా, మేకలమంద నడిచినా జాడలు చెరిగిపోతాయన్నది నిజమే గాని, మరుసటి సాయంత్రానికి పట్టీని మళ్లీ సిద్ధం చేయడం పెద్ద పని కాదు.

మట్టిపట్టీకి ఉన్న అసలైన లోపం మరొకటి. జాడ తన యజమాని పేరు చెప్పదు. ఆ పొదల్లో కౌజులు, పూరేళ్లు, తీతువులు తిరుగుతూనే ఉంటాయి. కోర్సర్ జాతి పక్షులకు వెనకవేలు లేనందున మూడు ముందరి వేళ్ల గుర్తు మాత్రమే పడుతుంది గాని, ఆ లక్షణం ఒక్కదానితోనే ఇది కలివికోడి జాడ అని తేల్చలేరు. కనీసం కొన్ని చోట్లయినా జాడ వేసిన పక్షి ఏదో సందేహం లేకుండా తెలిసి ఉంటే, ఆ జాడల కొలతలను ప్రమాణంగా పెట్టుకుని మిగిలిన జాడలను పోల్చుకోవచ్చు. కెమెరా ట్రాప్ ఇక్కడ అక్కరకు వచ్చింది. కెమెరాను మట్టిపట్టీ వైపు గురిపెట్టినప్పుడు రాత్రి ఫలానా గంటకు ఫలానా పక్షి ఆ పట్టీ మీద నిలబడినట్టు ఫిల్ము చెబుతుంది. ఆ పక్షి పాదం అచ్చు అదే పట్టీ మీద పొద్దుటికి దొరుకుతుంది. అలా పేరు తెలిసిన జాడలు పోగైన కొద్దీ అవి చదువుకునేవాడికి నిఘంటువులా ఉపయోగపడ్డాయి. ఆ తర్వాత కెమెరా లేని చోట దొరికిన జాడకు కూడా అర్థం చెప్పుకునే వీలు కలిగింది.

ఈ పరిశోధన ఫలితాలు 2002లో ఓరిక్స్ అనే అంతర్జాతీయ పత్రికలో వెలువడ్డాయి. పాదముద్రల కొలతలను ఒక్కొక్కటిగా కాక అన్నిటినీ కలిపి ఒకేసారి తూచే గణాంక పద్ధతిని ఉపయోగించి, కలివికోడి జాడను దానిని పోలిన ఇతర పక్షుల జాడల నుంచి వేరు చేయవచ్చని పరిశోధకులు చూపారు. ముఖం మీద పసుపు తోలు వేలాడే తీతువు జాడ మాత్రం కలివికోడి జాడకు చాలా దగ్గరగా ఉండడం వల్ల కొలతలతో వేరుపడలేదు. ఆ తీతువు సాధారణంగా ఆరుబయలు మెట్టనేలల పక్షి గనుక, జాడతో పాటు అది దొరికిన చోటును, వేళను కూడా లెక్కలోకి తీసుకోవడం తప్పనిసరి. పద్ధతి ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో కూడా ప్రకటించడం ఆ పరిశోధనకు విశ్వసనీయతను పెంచింది.

జాడలను చదవడం సాధ్యపడిన తర్వాత అసలు ప్రశ్నకు దారి తెరుచుకుంది. పొదల సాంద్రత వేర్వేరుగా ఉన్న అనేక స్థలాలలో మట్టిపట్టీలు పరిచి, ఎక్కడ జాడలు ఎక్కువగా పడుతున్నాయో పోల్చి చూసిన అధ్యయనం 2004లో జర్నల్ ఆఫ్ అప్లైడ్ ఎకాలజీలో వచ్చింది. దాని ప్రకారం హెక్టారుకు, అంటే సుమారు రెండున్నర ఎకరాలకు, రెండు మీటర్లకు మించిన ఎత్తున్న పెద్ద పొదలు 300 నుంచి 700 వరకు ఉండి, చిన్న పొదలు వెయ్యి లోపు ఉన్న చోట కలివికోడి జాడ దొరికే అవకాశం ఎక్కువ. పొదలు పూర్తిగా నరికివేసిన నేల దానికి పనికిరాదు. సందు లేకుండా కమ్ముకున్న చిక్కటి కంప కూడా పనికిరాదు. పశువులు, మేకలు మేసే, ఊరివాళ్లు కొంత వంటచెరకు కొట్టుకునే పలచటి పొదల నేల ఈ పక్షికి ప్రతికూలం కాకపోవచ్చునని, యంత్రాలతో నేలను మొత్తంగా చదును చేయడం మాత్రం దానికి వినాశకరమని దీనివల్ల అర్థమవుతుంది. అడవి శాఖకు, పశువుల కాపరికి మధ్య తరచూ తలెత్తే వాదంలో ఈ ఫలితానికి ఉన్న ప్రాముఖ్యం తక్కువది కాదు.

కాగితం మీది ఈ అంకెలు నేల మీద నిర్ణయాలకు కూడా ఆధారమయ్యాయి. కృష్ణా జలాలను వెలుగోడు, బ్రహ్మసాగరం మీదుగా దక్షిణానికి తీసుకుపోయే తెలుగుగంగ ప్రాజెక్టు కాలువ పనులు 2005 ప్రాంతంలో కలివికోడి తిరిగే పొదల దాకా వచ్చినప్పుడు, ఆ పొదల్లో పక్షి ఉందనడానికి ఆధారం ఏమిటన్న ప్రశ్న సహజంగానే తలెత్తింది. మెట్టప్రాంత రైతుకు నీరు ఎంత అవసరమో మైదుకూరు సీమలో ఎవరికీ వేరుగా చెప్పనక్కరలేదు; అటువంటి చోట కాలువకు అడ్డు చెప్పడానికి ఎవరో ఒకరు పక్షిని చూశామని చెప్పే మాట చాలదు. ఫలానా స్థలంలో, ఫలానా పద్ధతిలో, ఎవరైనా తిరిగి పరీక్షించుకోగలిగిన విధంగా సేకరించిన సాక్ష్యం ఉండడం వల్లే ఆ పక్షి పక్షాన వాదన నిలబడింది. చివరికి కాలువ దారి మార్చారు.

ఈ పాత పరికరం శక్తిని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్పడం కూడా సరికాదు. పులికి చారలున్నట్టు కలివికోడికి ఒకదాని నుంచి ఒకటి తేలికగా వేరు చేయగల గుర్తులు లేవు. అందువల్ల పది ఫోటోలు పది పక్షులవి కావచ్చు, ఒకే పక్షి పదిసార్లు వచ్చి ఉండవచ్చు. ఫోటో పడకపోవడం పక్షి లేదనడానికి రుజువు కాదు. అందుకే పరిశోధకులు ఫోటోల సంఖ్యను విడిగా చెప్పక, ఎన్ని కెమెరాలు ఎన్ని రాత్రులు పనిచేస్తే అన్ని ఫోటోలు వచ్చాయో కలిపి చెబుతారు. పది కెమెరాలు పది రాత్రులు పనిచేస్తే దానిని నూరు కెమెరా రాత్రులుగా లెక్కిస్తారు. ఈ లెక్క లేకుండా ఒక అడవిని మరో అడవితో గాని, ఒక సంవత్సరాన్ని మరో సంవత్సరంతో గాని పోల్చడం కుదరదు.

డిజిటల్ కెమెరా ట్రాప్‌లు వచ్చాక ముప్పై ఆరు ఫోటోల హద్దు తొలగిపోయింది. వేలకొద్దీ ఫోటోలు ఒక చిన్న కార్డులో ఇముడుతున్నాయి. కళ్లు మిరుమిట్లు గొలిపే ఫ్లాష్‌కు బదులు పరారుణ దీపాలు వచ్చాయి. తేదీ, గంట, ఉష్ణోగ్రత వంటి వివరాలు ప్రతి ఫోటోకూ వాటంతట అవే చేరుతున్నాయి. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలో పులుల గణన ఇప్పుడు ఇలాంటి కెమెరాల మీదే ఆధారపడి జరుగుతోంది. అయినా వేడిని పసిగట్టే సెన్సార్ పనిచేసే సూత్రం మారలేదు. నేల కాగిన సాయంత్రం నిన్నటి పరికరాన్ని ఇబ్బంది పెట్టినట్టే నేటి పరికరాన్నీ ఇబ్బంది పెడుతుంది. ఫోటోలు చవకైన కొద్దీ వాటిని చదివి, వర్గీకరించి, అర్థం చెప్పే శ్రమ పెరిగింది. ఫిల్ము ఖర్చుకు భయపడి కెమెరాను ఎక్కడ, ఎందుకు, ఏ ఎత్తున పెట్టాలో ముందే కూలంకషంగా ఆలోచించిన ఆ తరం క్రమశిక్షణ నేటి పరిశోధక విద్యార్థులు నేర్చుకోదగినది.

ఆనాటి అమరికలు ఇప్పుడు ఎవరికీ పనికిరాని పాత సామానుగా కనిపించవచ్చు గాని, వాటితో తీసిన నెగెటివ్‌లు, వాటితో పాటు రాసుకున్న నోటుపుస్తకాలు అలాంటివి కావు. కలివికోడి లాంటి పక్షి విషయంలో ఇరవై ఏళ్ల కిందటి ఒక్క ఫోటో, దాని అంచున ముద్రపడిన గంట నిమిషం, అది తీసిన పొద గుర్తు తిరిగి సంపాదించలేని సాక్ష్యాలు. ఫిల్ము తేమకు బూజుపట్టి, వేడికి రంగు వెలిసి పాడవుతుంది గనుక అలాంటి సేకరణలు ఉన్న సంస్థలు వాటిని డిజిటల్ రూపంలోకి మార్చి, అసలు నెగెటివ్‌లను చల్లని పొడి గదులలో భద్రపరచడం ఆలస్యం చేయకూడని పని. కడప, నంద్యాల, కర్నూలు జిల్లాల కళాశాలల్లో జంతుశాస్త్రం, భౌతికశాస్త్రం చదివే విద్యార్థులకు ఈ పాత పరికరాన్ని విప్పి చూపితే, ఉష్ణ వికిరణం, విద్యుత్ వలయం, గణాంకశాస్త్రం, పక్షిశాస్త్రం ఒకే పెట్టెలో ఎలా కలిశాయో పాఠ్యపుస్తకం కంటే తేలికగా బోధపడుతుంది.

లంకమల అంచు గ్రామాల ప్రజలకు చేయదగిన విన్నపం ఒకటుంది. అడవిలో చెట్టు మొదలుకు కట్టిన కెమెరా పెట్టె గాని, పొదల మధ్య చదును చేసిన మట్టిపట్టీ గాని కనిపించినప్పుడు దానిని కదిలించకుండా పక్కగా నడవాలి. దాని పని అడవి జంతువుల జాడ తీయడమే గనుక మేకల కాపరి గాని, వంటచెరకుకు వెళ్లినవారు గాని దానికి జంకవలసిన పని లేదు. ఎద మీద రెండు పట్టీలతో నేల మీద పరుగెత్తే పక్షి చీకట్లో ఎవరి కంటనైనా పడితే, దానిని తరమకుండా, పట్టుకోకుండా, చూసిన చోటును, వేళను గుర్తుపెట్టుకుని సమీపంలోని అటవీశాఖ కార్యాలయానికి తెలియజేయాలి. 1986లో శాస్త్రలోకానికి ఆ పక్షిని తిరిగి అప్పగించింది ఈ ప్రాంతపు మనిషే. ఇకముందు దానిని నిలబెట్టగలిగినవారు కూడా ఈ ప్రాంతపు ప్రజలే.